చిన్నప్పుడు లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) తగ్గింది, ఇప్పుడు తలలో గడ్డ. ఎవరికైనా ఇలా అయిందా?

గాజువాక_అన్న: మా తమ్ముడికి ఏడో ఏట ఏఎల్ఎల్ (లుకేమియాలో ఒక రకం) వచ్చింది, 1996లో. ఎంసీపీ 841 పద్ధతిలో కీమో ఇచ్చారు, తలకి కరెంటు (రేడియేషన్) కూడా పెట్టారు. తగ్గిపోయింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. పోయిన నెల ఫిట్స్ వస్తే ఎమ్మారై తీసి మెనింజియోమా, అంటే మెదడు పొరల్లో వచ్చే గడ్డ అన్నారు. అమ్మ మాత్రం పాత జబ్బే తిరగబెట్టిందని అన్నం ముట్టడం లేదు.

సుజాత_స్టాఫ్‌నర్స్: అమ్మగారికి ముందు ఇది చెప్పండి, లుకేమియా తిరగబెట్టడం కాదు ఇది. రేడియేషన్ పడిన చోట ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత కూడా కొత్త గడ్డ రావచ్చు. మెనింజియోమాల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే, కాకపోతే చోటును బట్టి ఆపరేషన్ అవసరం పడుతుంది. న్యూరోసర్జన్‌కి పాత రేడియేషన్ సంగతి తప్పకుండా చెప్పాలి, మెడ కూడా చూపించండి, కొంత డోసు థైరాయిడ్‌కీ తగులుతుంది.

డల్లాస్_బావ: 1960ల చివర్లో అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో ఏఎల్ఎల్‌కి తలకి 24 గ్రే (రేడియేషన్ కొలత) ఇచ్చేవారు. అప్పట్లో అదే పిల్లల్ని బతికించింది, కాబట్టి ఆ డాక్టర్లని తిట్టి లాభం లేదు. తర్వాత 18కి, 12కి దించారు. 2009లో అదే ఆసుపత్రి వాళ్ళు తలకి రేడియేషన్ అసలు లేకుండానే మంచి ఫలితాలు చూపించారు.

చిన్ని_అమ్మ: మా పాపకి లుకేమియా ట్రీట్‌మెంట్ 2021లో అయిపోయింది, రేడియేషన్ లేదు. మాకూ ఈ టెన్షన్ ఉంటుందా?

సుజాత_స్టాఫ్‌నర్స్: మెదడు గడ్డల భయం చాలా తక్కువమ్మా. ఎటొపోసైడ్ అనే కీమో మందు ఎక్కించి ఉంటే రెండు మూడేళ్ళలోపు ఏఎమ్ఎల్ (ఇంకో రకం లుకేమియా) రావచ్చు, సైక్లోఫాస్ఫమైడ్ అనే ఇంకో కీమో మందుతో ఇంకొంచెం ఆలస్యంగా, అదీ అరుదే. గూగుల్ చూసి పాపని మాటిమాటికీ రక్తపరీక్షకి లాగకండి, డాక్టర్ చెప్పిన చెకప్‌లు మానకండి. ఏ మందు మొత్తం ఎంత పడిందో రాయించి పెట్టుకోండి, పెద్దయ్యాక వేరే ఊళ్ళో డాక్టర్‌కి అదే ఆధారం.

గాజువాక_అన్న: అదే మా గొడవ. డిశ్చార్జి కాగితం జిరాక్సు వెలిసిపోయింది, "తలకి ఆర్టీ (రేడియేషన్) ఇవ్వబడినది" అని తప్ప డోసు లేదు. ఆసుపత్రిలో అడిగితే అంత పాత ఫైళ్ళు లేవన్నారు.

డల్లాస్_బావ: రేడియేషన్ విభాగంలో విడిగా కార్డు ఉండొచ్చు, అక్కడ అడిగించు. ముంబై టాటా మెమోరియల్‌లో ఇలా చిన్నప్పుడు క్యాన్సర్ తగ్గినవాళ్ళ కోసమే 1991 నుంచి ఏసీటీ (ట్రీట్‌మెంట్ అయ్యాక చూసే) క్లినిక్ నడుస్తోంది.

గాజువాక_అన్న: సరే బావా, సోమవారం ఆ విభాగానికే వెళ్తా. ఆపరేషన్ తేదీ ఇంకా ఇవ్వలేదు, ఫిట్స్ మాత్రలు వాడుతున్నాడు. మెనింజియోమాకి ఆపరేషన్ అయినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎన్నాళ్ళకి పనిలోకి వెళ్ళారో రాయండి, వాడు ఆటో నడుపుతాడు.