రోజంతా నడుముకు ఉంచుకోవడానికి ఏ పిస్టల్ మంచిది? బాగా చిన్నదా, కాస్త పెద్దదా?

వేకువజాము:

అందరికీ నమస్కారం. కన్సీల్డ్ క్యారీ లైసెన్స్ (తుపాకిని బయటికి కనిపించకుండా ఒంటి మీద పెట్టుకుని తిరిగే అనుమతి) పోయిన వారమే చేతికొచ్చింది. ఇంతవరకు సొంత తుపాకి లేదు, రేంజ్‌లో అద్దెకిచ్చే వాటితోనే నేర్చుకున్నాను. ఇప్పుడు కొనాల్సి వచ్చేసరికి ఏది తీసుకోవాలో తేలడం లేదు.

ముందు నా సంగతి చెప్తాను. సన్నగా ఉంటాను, నడుము 30 అంగుళాలు, చేతులు కూడా చిన్నవే. రోజూ ఎనిమిది గంటలు కుర్చీలో, రెండు గంటలు కారులో కూర్చునే పని. చొక్కా టక్ చేయను, కోటు అలవాటు లేదు. అందుకే వీలైనంత చిన్నది తీసుకుంటే గొడవ ఉండదనుకుని, స్నేహితుడి రూగర్ ఎల్‌సీపీ కాల్చి చూశాను. జేబులో వేసుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక. కానీ కాల్చేటప్పుడు చిటికెన వేలికి పట్టే దొరకలేదు, రెండో మ్యాగజైన్ (పిడిలోకి దూర్చే తూటాల డబ్బా) అయ్యేసరికి బొటనవేలి మొదలు కందిపోయింది, 7 గజాల దూరంలో పెట్టిన కాగితం మీద తూటాలు ఎక్కడ పడితే అక్కడ పడ్డాయి. అదే రోజు గ్లాక్ 19తో కాలిస్తే అన్నీ అరచెయ్యంత చోటులో పడ్డాయి. సరే ఇదే తీసుకుందామని నడుముకు పెట్టుకుని చూస్తే పిడి చొక్కాలోంచి పొడుచుకొచ్చింది, కూర్చోగానే పొట్టలో గుచ్చుకుంది.

కాల్చడానికి బాగున్నది పెట్టుకోవడానికి బాగోలేదు, పెట్టుకోవడానికి బాగున్నది కాల్చడానికి బాగోలేదు. మీరంతా ఎక్కడ రాజీపడ్డారు? తూటా విషయంలో చిన్నదైన 380 ఏసీపీ సరిపోతుందా, 9 ఎంఎం ఉండాల్సిందేనా? ఇంకొకటి, ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో పేలడానికి సిద్ధంగా, తూటా పెట్టుకుని తిరగాలంటే నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ట్రిగ్గర్‌కి ఏదైనా తగులుకుంటే ఎలా అనే ఆలోచన వదలడం లేదు.

పాతగురి:

జవాబు సగం మీ కాగితమే చెప్పేసింది, దాన్ని నమ్మండి. నేను చాలా ఏళ్లుగా కొత్తవాళ్లకి నేర్పుతున్నాను, మొదటి తుపాకిగా అన్నిటికంటే చిన్నది కొనుక్కుని, కాల్చినప్పుడల్లా చెయ్యి నొప్పెట్టి, చివరికి ప్రాక్టీస్ మానేసినవాళ్లని ఎంతమందినో చూశాను. ఎల్‌సీపీ ఖాళీగా దాదాపు 270 గ్రాములు. గ్లాక్ 19 ఖాళీ మ్యాగజైన్‌తో 670 గ్రాముల దగ్గర ఉంటుంది. బరువు తగ్గేకొద్దీ తూటా వెనక్కి తన్నే తన్నంతా మీ చెయ్యే భరించాలి. పైగా బొటనవేలు, రెండు వేళ్లతోనే పట్టుకుంటే పట్టు వదులవుతుంది, అప్పుడు స్లైడ్ (తుపాకి పైన వెనక్కీ ముందుకీ కదిలే భాగం) పూర్తిగా వెనక్కి పోక ఖాళీ గుల్ల బయటపడకుండా ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. చిన్న పిస్టల్ చెడ్డదని అనను, బాగా చెయ్యి తిరిగినవాళ్లు వాడాల్సిన వస్తువు అంటాను.

ఇప్పుడు ఈ రెండిటికీ మధ్యలో మంచి రకాలు వచ్చాయి. ఇంతకుముందు సన్నటి 9 ఎంఎం కావాలంటే మ్యాగజైన్‌లో ఆరో ఏడో తూటాలతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది, 2015లో వచ్చిన గ్లాక్ 43లో ఆరే పడతాయి. 2018లో సిగ్ పీ365 వచ్చి దాదాపు అంతే సైజులో పది పట్టించింది. తర్వాత హెల్‌క్యాట్, షీల్డ్ ప్లస్ అదే దారిలో వచ్చాయి. మీ చేతికి వీటిలో ఏది కుదురుతుందో మీ చెయ్యే చెప్పాలి, నేను చెప్పలేను.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. చొక్కా మీద ప్రింట్ అయ్యేది, అంటే తుపాకి ఆకారం బయటికి తేలేది, బ్యారెల్ (గొట్టం) పొడవు వల్ల కాదు, పిడి పొడవు వల్ల. బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, పిడే బయట మిగులుతుంది. గ్లాక్ 43ఎక్స్ చాలా సన్నం అని కొంటారు, నిజంగానే సన్నం, కానీ ఎత్తు 128 మిల్లీమీటర్లు, అంటే గ్లాక్ 19 ఎంతో అదీ అంతే. పీ365 మామూలు మోడల్ 109 దగ్గర ఉంటుంది. సన్నటి ఒంటికి ఆ రెండు సెంటీమీటర్లు చాలా తేడా చేస్తాయి. బ్యారెల్ విషయం దీనికి తలకిందులు, ముందువైపు పెట్టుకునేవాళ్లకి అది మరీ పొట్టిగా ఉంటే పై బరువుకి పిడి బయటికి వాలిపోతుంది, అరంగుళం పొడుగున్నదే ఒంటికి అతుక్కుని కుదురుగా ఉంటుంది.

కొనేముందు ఖాళీదని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకుని చేతిలో పట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మం పిడి పైభాగానికి ఆనుకోవాలి. చూపుడువేలి మొదటి కణుపు ముందున్న మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి తేలిగ్గా రావాలి, దానికోసం చెయ్యి పక్కకి తిప్పాల్సి వస్తే అది మీకు పెద్దది. మ్యాగజైన్ వదిలే మీట బొటనవేలికి అందాలి. చిటికెన వేలు గాల్లో ఉంటే కాస్త పొడుగు మ్యాగజైన్ దొరుకుతుందేమో అడగండి.

తూటా గురించి అయితే, రెండూ ఒకేలా చేతికి కుదిరినప్పుడు 9 ఎంఎం తీసుకోమంటాను. 1986లో మయామీలో జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ తూటాలని ఒంటి కండలాంటి జెల్‌లో పరీక్షించే పద్ధతి పెట్టింది, అందులో తూటా 12 నుంచి 18 అంగుళాల లోపల ఆగాలి. ఇప్పటి మంచి 9 ఎంఎం హాలోపాయింట్లు (మొన బోలుగా ఉండి, తగిలాక విచ్చుకునే తూటాలు) చాలావరకు దాన్ని నిలకడగా అందుకుంటాయి. పొట్టి బ్యారెల్ 380తో అది కష్టం, తూటా విచ్చుకుంటే లోతు చాలదు, లోతుకు పోతే విచ్చుకోదు. కానీ 9 ఎంఎంతో గురి తప్పడం కంటే 380తో గురి తగలడం మేలు.

మల్లెతీగ:

పాతగురి గారి చివరి మాట నా విషయంలో అక్షరాలా నిజం. నాకు వేళ్ల కీళ్ల నొప్పులు. పీ365 చేతిలో బాగా ఇమిడింది కానీ స్లైడ్ లాగలేకపోయాను, చిన్న తుపాకిలో స్ప్రింగ్ గట్టిగా ఉంటుందని అప్పుడే తెలిసింది. చివరికి స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ 380లో తీసుకున్నాను. పేరుకి తగ్గట్టే స్లైడ్ తేలిగ్గా వస్తుంది, ఎనిమిది తూటాలు, నొప్పి లేకుండా వంద కాల్చగలుగుతున్నాను. ఇదే 9 ఎంఎంలో కూడా ఉంది.

స్లైడ్ కష్టంగా ఉన్నవాళ్లకి ఒక చిట్కా. ఎడమ చేత్తో లాగే ప్రయత్నం చేయకండి. తుపాకిని ఛాతీకి దగ్గరగా తెచ్చుకోండి, మూతి మాత్రం ఎప్పుడూ ముందుకే ఉండాలి. ఎడమ చెయ్యి నాలుగు వేళ్లతో స్లైడ్ పైనుంచి గట్టిగా పట్టుకుని కదలకుండా ఉంచి, కుడి చేత్తో పిడిని ముందుకి నెట్టండి. వేళ్ల బలం చాలనిచోట భుజం బలం పనిచేస్తుంది.

ఇది చదివే ఆడవాళ్లకి ఒక మాట. దయచేసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోకండి. బ్యాగ్ కుర్చీకి తగిలిస్తాం, కారులో వదిలేస్తాం, బిస్కెట్ కోసం పిల్లలు చెయ్యి పెడతారు. తుపాకి ఒంటి మీద ఉండాలి, లేదంటే తాళం వేసిన పెట్టెలో ఉండాలి. నేను మామూలు ప్యాంట్లకి కుదరక నడుముకి చుట్టుకునే బ్యాండ్ వాడుతున్నాను, ట్రిగ్గర్ దగ్గర గట్టి ప్లాస్టిక్ గూడు ఉన్నదే ఏరికోరి తీసుకున్నాను.

చక్రం:

నేను కొంచెం వేరేగా చెప్తాను. రివాల్వర్‌ని ఎవరూ తలుచుకోవడం లేదు. స్మిత్ అండ్ వెసన్ 642 నా దగ్గరుంది, 38 స్పెషల్, ఐదు తూటాలు, 400 గ్రాములు దాటితే కొంచెమే. హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) లోపలే ఉంటుంది కాబట్టి జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకి తట్టుకోదు. లాగడానికి స్లైడ్ లేదు, పట్టు వదులైతే ఇరుక్కోదు. ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా ఉంటుంది కాబట్టి వేకువజాము గారు భయపడుతున్న విషయానికి కూడా కొంత సమాధానం. గుండ్రటి పిడి కావడంతో బట్టల కింద మూలలు తేలవు.

పాతగురి:

చక్రం గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ బరువైన ట్రిగ్గర్‌ని చిన్న చేతులతో గురి కదలకుండా చివరిదాకా నొక్కడం చాలా కష్టం, పైగా తేలికపాటి 642 తన్ను ఎల్‌సీపీకి ఏమీ తీసిపోదు. ఏళ్ల తరబడి డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే ప్రాక్టీస్) చేసిన మీకు అది వచ్చేసింది. వేకువజాము గారు అద్దెకి దొరికితే ఒక పెట్టె కాల్చి చూసి అప్పుడు ఆలోచించడం మంచిది.

నడుంపట్టీ:

అందరూ తుపాకి గురించే రాస్తున్నారు. అసలు బాధ హోల్‌స్టర్‌లో, అంటే తుపాకి పెట్టుకునే ఒరలో ఉంది! గ్లాక్ 19ని దేంట్లో పెట్టుకుని చూశారండీ? స్నేహితుడి హోల్‌స్టర్‌లో, మామూలు బెల్ట్‌తో అయితే ఎవరికైనా గుచ్చుకుంటుంది. మామూలు బెల్ట్ ఆ బరువుకి మడతపడి కిందికి వేలాడుతుంది, అప్పుడు పిడి బయటికి వాలుతుంది. దీనికోసమే చేసిన గట్టి బెల్ట్ తీసుకోండి, ముందు డబ్బు దాని మీద పెట్టండి.

ఇక హోల్‌స్టర్. ముందువైపు పెట్టుకునేదైతే రెండు చిన్న భాగాలు చూసుకోవాలి. ఒకటి, ట్రిగ్గర్ పక్కన చిన్న రెక్కలాంటిది, దాన్ని క్లా అంటారు, అది బెల్ట్‌కి ఆనుకుని పిడిని పొట్టవైపు తిప్పుతుంది. రెండోది, హోల్‌స్టర్ అడుగున లోపలివైపు ఉండే మెత్తటి దిమ్మ, వెడ్జ్. అది మూతిని కాస్త బయటికి నెడుతుంది, దాంతో పిడి లోపలికి ఒరుగుతుంది. నేను వెడ్జ్ లేకుండా ఏడాది బాధపడ్డాను, తొడ మొదట్లో ఎప్పుడూ ఎర్రటి గాటు. ఒక పాత చెప్పులోంచి వేలెడంత స్పాంజి ముక్క కోసి అంటించాక అదే తుపాకి, అదే హోల్‌స్టర్, కారులో మూడు గంటలు కూర్చున్నా గుర్తుకు రాలేదు. జాగా కూడా ఒక్క అంగుళం అటూ ఇటూ జరిపి చూడండి, తుంటి ఎముక తగలని చోటు ఒకటి కచ్చితంగా దొరుకుతుంది. లోపల బనియన్ వేసుకోండి, చెమట తుపాకికీ మంచిది కాదు, చర్మానికీ మంచిది కాదు.

ఛాంబర్ భయం గురించి. ఆ భయం ఉండటం మంచిదే, దాన్ని తీసిపారేయకండి, పరీక్షించి పోగొట్టుకోండి. ఛాంబర్ ఖాళీగా ఉంచి, స్లైడ్ ఒకసారి లాగి వదిలి, ట్రిగ్గర్ నొక్కకుండా అలాగే పెట్టుకుని వారం రోజులు మీ పనులన్నీ చేసుకోండి. వంగండి, మెట్లెక్కండి, కారు ఎక్కి దిగండి. రోజూ రాత్రి ఖాళీదని మళ్లీ నిర్ధారించుకుని, మూతి క్షేమమైన వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూడండి, టిక్‌మందంటే ఆ రోజంతా దాన్ని ఏదీ నొక్కలేదన్నమాట. మంచి కంపెనీ పిస్టల్ మామూలుగా దానంతటది పేలదు, ట్రిగ్గర్ కదిలితేనే పేలేలా చేస్తారు. కాబట్టి ట్రిగ్గర్ మొత్తం కప్పే గట్టి కైడెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) హోల్‌స్టర్ తప్పనిసరి. అరిగి మెత్తబడిన తోలు హోల్‌స్టర్ అంచు లోపలికి మడతపడి ట్రిగ్గర్‌ని నొక్కే ప్రమాదం ఉంది, అలాంటిది పారేయండి.

అసలు ప్రమాదం తిరిగి పెట్టేటప్పుడే. చొక్కా అంచు, జాకెట్ తాడు ఏదో ఒకటి లోపలికి దూరుతుంది. తుపాకి తీసేటప్పుడు వేగం కావాలి కానీ పెట్టేటప్పుడు తొందరేమీ లేదు. చొక్కా బాగా పైకెత్తి పట్టుకుని, కళ్లతో చూస్తూ, నడుము ముందుకి వంచి మూతి ఒంటికి దూరంగా ఉండేలా చూసుకుని మెల్లగా పెట్టండి. ఏ మాత్రం అడ్డు తగిలినా ఆగిపోవాలి, నెట్టకూడదు. ఇంకా మంచి పద్ధతి, హోల్‌స్టర్ విడిగా తీసి తుపాకిని అందులో పెట్టి, రెండూ కలిపి నడుముకు తగిలించుకోవడం.

వేకువజాము:

అందరికీ చాలా థ్యాంక్స్. ఈ మూడు వారాల్లో ఏం చేశానో చెప్తాను. 642 కాల్చి చూశాను, చక్రం గారూ, ట్రిగ్గర్ చివరికి వచ్చేసరికి గురి ప్రతిసారీ ఎడమవైపు కిందికి పోయింది, అది నా లోపమే, దానికి ఇంకా చాలా ప్రాక్టీస్ కావాలి. పీ365, దాని ఎక్స్‌ఎల్ రెండూ ఒకే రోజు కాల్చాను. చిన్నదానికి చిటికెన వేలు సగమే ఆనింది. ఎక్స్‌ఎల్‌లో 12 తూటాలు, బ్యారెల్ 3.7 అంగుళాలు, పిడి వేళ్లన్నిటికీ సరిపోయింది, కాగితం మీద గ్లాక్ 19తో వచ్చినంత బాగా వచ్చింది. అదే తీసుకున్నాను. క్లా, వెడ్జ్ రెండూ ఉన్న హోల్‌స్టర్, గట్టి బెల్ట్. నిన్న ఆఫీసులో రోజంతా కూర్చున్నాను, షూ లేసు కట్టుకోవడానికి వంగినప్పుడు తప్ప గుచ్చుకోలేదు. ఖాళీ ఛాంబర్‌తో పదో రోజు నడుస్తోంది, ట్రిగ్గర్ ఒక్కసారి కూడా కదల్లేదు. రెండు వందలు మామూలు తూటాలు, యాభై హాలోపాయింట్లు కాల్చాక అప్పుడు లోడ్ చేసుకుందామని అనుకుంటున్నాను. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, రోజూ రాత్రి తూటా తీసి పొద్దున మళ్లీ పెట్టుకుంటే ఏమైనా ఇబ్బందా?

పాతగురి:

ఇబ్బందే. ఒకే తూటాని రోజూ ఛాంబర్‌లోకి ఎక్కించి తీస్తుంటే ముందున్న బుల్లెట్ ప్రతిసారీ ర్యాంప్‌కి (తూటా ఛాంబర్‌లోకి ఎక్కే వాలుకి) కొట్టుకుని కొద్దికొద్దిగా గుల్ల లోపలికి దిగిపోతుంది. అలా దిగిన తూటా కాలిస్తే లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పైగా రోజుకి రెండుసార్లు తుపాకిని అనవసరంగా తాకినట్టవుతుంది. పాప ఉంది కాబట్టి హోల్‌స్టర్‌తో సహా తీసి, అలాగే తాళం వేసిన చిన్న ఇనప్పెట్టెలో పెట్టండి, పెట్టె గోడకో మంచానికో బిగించి ఉండాలి. మీరు ఇంట్లోకి రాగానే తాళంచెవి ఎక్కడ పెడతారో పాప చూస్తూనే ఉంటుంది, అందుకని నంబర్లు నొక్కి తెరిచేది తీసుకోండి.

శుభ్రం చేయడానికి తప్పక తూటా తీయాల్సి వస్తే, దాన్ని పెట్టెలోంచి తీసిన కొత్త తూటా పక్కన బల్ల మీద నిలబెట్టి కంటికి సమంగా చూడండి. వెంట్రుకంత పొట్టిగా కనిపించినా మళ్లీ లోడ్ చేయకండి, పక్కన పడేయండి.