ఫిన్లాండ్ టీమ్‌తో కలిసి విశాఖ గెడ్డల మీద ప్రాజెక్టు: ఎక్కడ దెబ్బతింటాం?

విశాఖ_ఈసీఈ

మూడో ఏడాది వాళ్లం ఆరుగురం (నలుగురు ఈసీఈ, ఇద్దరు సివిల్). అటువైపు ఫిన్లాండ్ యూనివర్సిటీ స్టూడెంట్స్ ఐదుగురు. సెప్టెంబరు నుంచి ఒక సెమిస్టర్ జాయింట్ ప్రాజెక్టు, సబ్జెక్టు స్మార్ట్ సిటీ. రెండు ఐడియాలున్నాయి. ఒకటి, నిండగానే మెసేజ్ పంపే చెత్తడబ్బా. రెండోది, గెడ్డలో, అంటే వాననీరు పారే వాగులో, నీటిమట్టం కొలిచి ముంపు హెచ్చరిక ఇవ్వడం. ఒకే సెన్సర్ అక్కడా ఇక్కడా పెట్టి రెండు ఊళ్ల డేటా పోల్చాలని ప్లాన్. ఈఎస్‌పీ32 (చిన్న కంట్రోలర్ చిప్), జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అల్ట్రాసోనిక్ (ధ్వని వెళ్లి తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచే సెన్సర్), లోరావాన్ (తక్కువ కరెంటుతో దూరానికి డేటా పంపే రేడియో పద్ధతి), 15 నిమిషాలకో రీడింగ్ అనుకున్నాం. లోరా మాడ్యూళ్లు, లిథియం బ్యాటరీలు వాళ్లే కొని కొరియర్ చేస్తామంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సివిల్_సత్యం

చెత్తడబ్బా వదిలెయ్యండి. డబ్బా నిండిందో లేదో తెలిస్తే బండి అనవసరంగా తిరగదన్నది దాని వెనకున్న లెక్క. మన ఊళ్లలో బండి ఎలాగూ ఇంటింటికీ వస్తుంది, రోడ్డు మీద డబ్బాలే తీసేస్తున్నారు. అటు హెల్సింకీలో కలసతమ పేటలో అయితే చెత్తను భూమిలోపలి గొట్టాల్లోంచి గాలితో లాగేస్తారు. రెండు చోట్లా సెన్సర్ ఉంటుంది, పెట్టడానికి డబ్బా ఉండదు!

గెడ్డ మంచి ఎంపిక. అయితే ముందు ఆ కల్వర్టు ఎవరిదో కనుక్కోండి: జీవీఎంసీదా (నగర పాలక సంస్థ), ఆర్ అండ్ బీదా, నేషనల్ హైవేదా, రైల్వేదా. ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్, ఒక పేజీ డ్రాయింగు, సెన్సర్ పెట్టే డబ్బా బరువు, ఎన్నాళ్లుంచుతారో రాసి ఆగస్టులోనే ఇవ్వండి. రైల్వే కల్వర్టయితే వేరే చోటు చూసుకోవడం మేలు, ఒక సెమిస్టర్‌లో పర్మిషన్ తేలదు.

ఇక బిగించడం. ఆ సెన్సర్‌కు మొదటి 20–25 సెం.మీ. గుడ్డితనం ఉంటుంది, అంతకంటే దగ్గరికొచ్చిన నీటిని సరిగ్గా చెప్పలేదు. స్లాబు అడుగున బిగిస్తే నీళ్లు స్లాబును అందుకునే వేళకే, అంటే సరిగ్గా హెచ్చరిక కావలసినప్పుడే, చెత్త రీడింగులిస్తుంది. స్లాబు బయటికి బ్రాకెట్ పెట్టి, గోడ మీది పాత ముంపు మరక కంటే కనీసం 50 సెం.మీ. పైన ఉంచండి. సెన్సర్ వదిలే ధ్వని బీమ్ వెడల్పు కాబట్టి పక్క గోడకు ఎడంగా ఉండాలి. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు తేలుతూ వచ్చి కింద ఆగితే అదే నీటిమట్టం అనుకుంటుంది. 11 రీడింగులు తీసి సగటు కాకుండా మీడియన్ (వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) తీసుకోండి. ఒక్క తప్పుడు రీడింగు సగటును ఎక్కడికో లాక్కుపోతుంది.

ఫిన్లాండ్ వాళ్లకు తట్టని సంగతి ఒకటుంది: ఆటుపోట్లు. బాల్టిక్ సముద్రంలో పోటు సెంటీమీటర్లలోనే ఉంటుంది. మన గెడ్డలు సముద్రంలోకో హార్బర్‌లోకో పోతాయి. ముఖద్వారం దగ్గర రోజుకు రెండుసార్లు, చుక్క వాన లేకపోయినా, మట్టం లేస్తుంది. వాళ్లు రాసిన అలారం కోడ్ ఇక్కడ అలాగే పెడితే పోటు పోటుకీ ‘ముంపు’ అంటుంది. పోటు అందనంత ఎగువన పెట్టండి, లేదా టైడ్ టేబుల్‌తో సరిచూడండి.

సోల్డర్_సూరి

కొరియర్ ఆపమని చెప్పు తమ్ముడూ. రేడియో ఉన్న సామాను దిగుమతికి ఈటీఏ (రేడియో పరికరాలకు కేంద్రం ఇచ్చే అనుమతి) అప్రూవల్ అడుగుతారు, లిథియం సెల్స్‌కు కొరియర్ వాళ్ల పేచీ వేరు. పార్ట్స్ లిస్టు ఒకటే పెట్టుకుని ఎవరి ఊళ్లో వాళ్లు కొనుక్కోండి. 868 మెగాహెర్ట్జ్ ఎస్‌ఎక్స్1276 లోరా మాడ్యూల్ ఇక్కడా పనికొస్తుంది, కోడ్‌లో రీజియన్ మాత్రం ఐఎన్865 (ఇండియా ఫ్రీక్వెన్సీలు) పెట్టాలి. ఫిన్లాండ్ కోడ్‌లో ఈయూ868 ఉంటుంది, దాని డిఫాల్ట్ ఛానళ్లు 868.1, 868.3, 868.5. మనవి 865.0625, 865.4025, 865.985. రీజియన్ మార్చకుండా అప్‌లోడ్ చేస్తే నోడ్ (మీ సెన్సర్ యూనిట్) నెట్‌వర్క్‌లో చేర్చుకోమని జాయిన్ రిక్వెస్టులు పంపుతూనే ఉంటుంది, గేట్‌వే (వాటిని అందుకుని ఇంటర్నెట్‌కు పంపే పెట్టె) వినదు. పైగా అది మన లైసెన్స్-ఫ్రీ బ్యాండ్ దాటిన ట్రాన్స్‌మిషన్. 433 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ చవగ్గా వచ్చిందని మాత్రం కొనకు.

15 నిమిషాల లెక్క: ద థింగ్స్ నెట్‌వర్క్ (ఉచిత లోరావాన్ నెట్‌వర్క్) వాడితే నోడ్‌కు రోజుకు 30 సెకన్ల ఎయిర్‌టైమే (గాల్లో సిగ్నల్ పంపే సమయం). 12 బైట్ల డేటా పంపడానికి ఎస్‌ఎఫ్7లో (ఎస్‌ఎఫ్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ దూరం పోతుంది, సమయం ఎక్కువ పడుతుంది) దాదాపు 62 మిల్లీసెకన్లు, ఎస్‌ఎఫ్9లో 206, ఎస్‌ఎఫ్10లో 412, ఎస్‌ఎఫ్12లో 1,480. 15 నిమిషాలకొకటంటే రోజుకు 96 మెసేజ్‌లు. ఎస్‌ఎఫ్9 దాకా సరిపోతుంది, ఎస్‌ఎఫ్10కి వెళ్తే 72 దగ్గరే కోటా అయిపోతుంది, ఎస్‌ఎఫ్12లో 20. కొండల మధ్య గేట్‌వే కనపడకపోతే నోడ్ తనంతట తానే పై ఎస్‌ఎఫ్‌కి పోతుంది. కాబట్టి గేట్‌వే ఎక్కడుందో ముందు చూడు. అయినా కొండ మీంచి దిగే గెడ్డకు 15 నిమిషాలు చాలా ఆలస్యం. 2 నిమిషాలకోసారి కొలువు, పంపడం మాత్రం మామూలుగా 30 నిమిషాలకోసారి చాలు. గత మెసేజ్ కంటే 5 సెం.మీ. తేడా వస్తే వెంటనే పంపు.

అసలు దెబ్బ కొట్టేది ఉష్ణోగ్రత. ఇంటర్నెట్‌లో దొరికే కోడ్‌లో ధ్వనివేగం సెకనుకు 343 మీటర్లని రాసేసి ఉంటుంది, అది 20 డిగ్రీలకు. 35 డిగ్రీల్లో అది 352.5, 5 డిగ్రీల్లో 334. రెండు మీటర్ల దూరానికి విశాఖలో నీరు 5 సెం.మీ. ఎక్కువ చూపిస్తుంది, ఫిన్లాండ్‌లో 5 సెం.మీ. తక్కువ. ఒకే సెన్సర్, ఒకే కోడ్, రెండు ఊళ్ల మధ్య 10 సెం.మీ. లేని తేడా. దాని మీద రిపోర్టు రాస్తే అంతే సంగతులు. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి నీడలో పెట్టి, వేగం = 331.3 + 0.606 × ఉష్ణోగ్రత అని కోడ్‌లో వెయ్యి.

చిన్నవి: అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎకో పిన్ ఇచ్చేది 5 వోల్టులు, ఈఎస్‌పీ32కి 3.3 దాటకూడదు. 1 కె, 2 కె రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించే డివైడర్ వెయ్యి. డెవ్ బోర్డుతో (చిప్‌ను బిగించి అమ్మే రెడీమేడ్ బోర్డు) డీప్ స్లీప్ (బ్యాటరీ ఆదా చేసే నిద్ర) నమ్ముకోకు, చిప్ మైక్రోయాంపుల్లో నిద్రపోయినా బోర్డు మీది రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్ మిల్లీయాంపులు తింటూనే ఉంటాయి. లిథియం అయాన్‌ను సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే పాడవుతుంది, అది వాళ్ల సమస్య. 45 దాటాక ఛార్జ్ చేయడం కూడా మంచిది కాదు, అది మనది. డబ్బా తెల్లగా ఉండాలి, నేరుగా ఎండ తగలకూడదు.

పద్మజ_మెంటర్

సామాను సంగతి పైవాళ్లు చెప్పారు. ఇలాంటి టీములు చెడేది ఎక్కువగా గంటల లెక్క దగ్గర. ఫిన్లాండ్‌లో 60 క్రెడిట్లంటే ఏడాదికి 1,600 గంటల పని. 5 క్రెడిట్ల కోర్సైతే ఒక్కొక్కరికి 133 గంటలు. మీది 2 క్రెడిట్ల మినీ ప్రాజెక్టు అయితే వారానికి 4 గంటలు, పది వారాలకు 40. ఇది మొదటి మీటింగులోనే బయటపెట్టండి. లేకపోతే నవంబరుకల్లా ‘ఇండియా టీమ్ పని చేయడం లేదు’ అంటారు.

పనిని దేశాల వారీగా పంచకండి. ఇక్కడివాళ్లు హార్డ్‌వేర్, అక్కడివాళ్లు రిపోర్టు అంటే అది కలిసి చేయడం కాదు, కాంట్రాక్టు పని. ప్రతి భాగానికీ ఇద్దరు, చెరో వైపు నుంచి ఒకరు. కాల్‌లో వాళ్లు మౌనంగా ఉంటే ఒప్పుకోలేదని కాదు, మనవాళ్లు ‘ఓకే’ అంటే అర్థమైందనీ కాదు. ఏం తేల్చుకున్నారో అదే రోజు షేర్డ్ డాక్యుమెంటులో రాసి, 24 గంటల్లో అందరూ పేరు పెట్టాలి.

టైము: అక్టోబరు చివరి ఆదివారం వాళ్ల గడియారం మారుతుంది. 2:30 గంటల తేడా 3:30 అవుతుంది. మీటింగు ఏ దేశపు టైముకు స్థిరమో ముందే అనుకోండి. డేటాలో మాత్రం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తప్ప వేరేది రానివ్వకండి. ఇంకోటి, ఫిన్నిష్ ఎక్సెల్ దశాంశానికి కామా వాడుతుంది. వాళ్ల 3,45 మన దగ్గర 345 అయి కూర్చుంటుంది. ఫైలు మిల్లీమీటర్లలో, పూర్ణాంకాల్లో ఉంటే ఈ గొడవే రాదు. నీటిమట్టం కాకుండా సెన్సర్ కొలిచిన దూరం, సెన్సర్ ఎత్తు వేరువేరు కాలమ్స్‌లో ఉంచండి. బ్రాకెట్ వంగితే తర్వాత సరిచేసుకోవచ్చు.

కెమెరా జోలికి పోవద్దు. మనుషులు పడితే అక్కడ జీడీపీఆర్ (యూరప్ డేటా రక్షణ చట్టం), ఇక్కడ 2023 డేటా రక్షణ చట్టం చూడాలి.

విశాఖ_ఈసీఈ

థాంక్యూ మేడమ్, సత్యం గారూ, సూరి అన్నా. కొరియర్ వద్దని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. ఒక డౌటు: పోటు, చలి, ఎండ అన్నీ వేరైనప్పుడు అసలు పోల్చేదేంటి?

సివిల్_సత్యం

మట్టాలు పోల్చకండి. వాన మొదలయ్యాక మట్టం లేవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందన్నది పోల్చండి. దానికి రెండు చోట్లా టిప్పింగ్ బకెట్ వానమాపకం (చిన్న గిన్నె నిండి ఒరిగిన ప్రతిసారీ లెక్కపెట్టేది) కావాలి, ఒక్కో ఒరుగుకు 0.2 మి.మీ.ది చాలు. చెట్టు కిందో పిట్టగోడ పక్కనో పెట్టకండి. మీకు అక్టోబరు తుపానుల వాన దొరుకుతుంది. వాళ్లకు అసలు హడావుడి వసంతంలో మంచు కరిగినప్పుడు, అది మీ సెమిస్టర్‌లో పడదు. శరదృతువు వానతోనే సరిపెట్టుకోమనండి.

పద్మజ_మెంటర్

హెచ్చరిక ఎవరికి చేరుతుందన్నదీ పోల్చండి. అక్కడ ఫిన్నిష్, స్వీడిష్ రెండూ అధికార భాషలు, మెసేజ్ రెండింట్లో రాయాలి. ఇక్కడ తెలుగులో, వార్డు సచివాలయానికి ఫోన్ వెళ్లాలా, గెడ్డ పక్క ఇళ్లకు నేరుగా వెళ్లాలా అన్నది ఆ గెడ్డ పక్కవాళ్లనే అడిగి తేల్చండి. ఆ ఇళ్లకు వెళ్లే పని సివిల్ వాళ్లిద్దరికీ అప్పగించండి, సెన్సర్ బిగించకముందే.