బాతురెట్ట పేరున్న టీని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
సింగపూర్‌లో ఉండే మా మేనకోడలు సెలవులకు వస్తూ చైనా టీ పొట్లం ఒకటి తెచ్చింది. దాని మీద ఇంగ్లిషులో ఉన్న పేరును ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే "బాతురెట్ట వాసన" అవుతుంది. తాగితే మాత్రం తెల్లపూల పరిమళం, ఆ తర్వాత చాలాసేపు గొంతులో తీపి. ఈ పేరు మా అమ్మకు ఎలా చెప్పను? మంచి తెలుగు మాట సూచిస్తారా?

జవాబు:
మీకు దొరికింది ఫెంగ్‌హువాంగ్ దాన్‌సోంగ్ టీ అండీ. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం తూర్పు కొసన ఉన్న ఛావ్‌జౌ ప్రాంతపు కొండల్లో పండుతుంది. "దాన్‌సోంగ్" అంటే ఒంటి పొద. ఒక్కో చెట్టు ఆకును విడిగా కోసి, విడిగా తయారుచేసే అలవాటు నుంచి వచ్చిన పేరు. ఏ చెట్టు పరిమళం బాగుందో చూసి దాని కొమ్మలతోనే అంట్లు కట్టి రకాలు పెంచుకున్నారు.

పూలు కలుపుతారేమో అనుకోకండి. మల్లె టీకి ఆకును మల్లెపూలతో కలిపి ఉంచి వాసన పట్టిస్తారు. ఇందులో అలా కాదు, ఆ గుణమంతా ఆకుదీ, చేసేవాళ్ల చేతిదీ. కోసిన ఆకును ఎండలో వాడ్చి, నీడన చల్లార్చి, రాత్రిపూట వెదురు చేటల్లో కొంతసేపటికోసారి కుదుపుతారు. అంచులు నలిగి ఎర్రబారతాయి, నడిమి భాగం పచ్చగానే ఉంటుంది. పచ్చివాసన పోయి పూలవాసనకు తిరిగే సమయం కోసం నిద్ర మానుకుని కాచుకుంటారు. ఆ తర్వాతే వేడి మూకుడులో వేయించడం, నలపడం, ఆరబెట్టడం, సెగ మీద కాచడం.

ఇక పేరు. చైనా మాట "యా షి శ్యాంగ్". యా అంటే బాతు, షి అంటే మలం, శ్యాంగ్ అంటే సువాసన. ఇదే కొండలో "మి లాన్ శ్యాంగ్" అని ఇంకో రకం ఉంది. అది తేనె, ఆర్కిడ్ కలిసిన సువాసన. ఆ పేరులో షష్ఠీ తత్పురుష, అంటే "ఫలానా దాని సువాసన" అని విప్పడం, సరిపోతుంది. మీ పొట్లం మీది పేరును కూడా అలాగే విప్పడం వల్లే చిక్కు వచ్చింది. ఇది నా దృష్టిలో మధ్యమపదలోపి, అంటే నడిమి మాటలు దాగిపోయిన సమాసం: బాతురెట్ట మట్టిలో పెరిగిన చెట్టు ఇచ్చిన సువాసన. అక్కడ ఒకరకం పసుపుపచ్చ మట్టిని బాతురెట్ట మట్టి అంటారని చెప్తారు. పైకి రెండు సమాసాలూ ఒకేలా కనిపిస్తాయి, విగ్రహవాక్యంలోనే, అంటే విడదీసి చెప్పడంలోనే తేడా.

పేరు వెనక కథ కూడా ఉంది. ఒక రైతు దగ్గర గొప్ప చెట్టు ఉండేదట. ఏం రకమని ఊళ్లోవాళ్లు అడిగితే, కొమ్మలు విరుచుకుపోతారని భయపడి బాతురెట్ట పేరు చెప్పాడట. మనకు ఇది కొత్త కాదు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకుని పెంటయ్య, పెంటమ్మ అనేవారు. ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టి పుల్లయ్య, పుల్లమ్మ అనేవారు. దిష్టి తగలకుండా, ఎవరూ ఎత్తుకుపోకుండా. ఎంతో ప్రేమ ఉంటే తప్ప అలాంటి పేరు పెట్టరు.

2014లో ఆ టీకి "యిన్ హువా శ్యాంగ్", అంటే వెండిపువ్వు సువాసన అని అందమైన పేరు పెట్టారు. జనం మాత్రం పాత పేరు వదల్లేదు.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, మరి శ్యాంగ్‌కు వాసన అనాలా, పరిమళం అనాలా? "వాసన వస్తోంది" అంటే మా ఇంట్లో వెంటనే చెత్తబుట్ట వైపు చూస్తారు.

ఇంకొకరు:
మాది హిందూపురం. కన్నడంలో "కంపు" అంటే ఇప్పటికీ సువాసనే. మన పాత కావ్యాల్లోనూ పరిమళమన్న అర్థం ఉంది. మనమే దాన్ని చెడగొట్టుకున్నాం.

జవాబు:
నిజమేనండీ. కంపు పూర్తిగా చెడింది, వాసన సగం చెడింది. చెడకుండా మిగిలింది "తావి". బంగారానికి తావి అబ్బినట్టు అంటాం కదా. అందుకే నా ఓటు "బాతురెట్ట తావి"కే. వాసన అన్న మాట మీద మాత్రం నాకు మమకారం ఉంది. పూర్వజన్మ వాసన అన్నప్పుడు అది వస్తువు పోయాక కూడా మిగిలేది. ఈ టీ తాగేశాక ఖాళీ కప్పును ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, అప్పుడు ఆ అర్థం తెలుస్తుంది.

ఇంకొక సంగతి. ఛావ్‌జౌవాళ్ల భాషలో టీని "తే" అంటారు. దక్షిణ చైనా తీరపు ఆ మాటే డచ్చివాళ్ల ఓడలెక్కి యూరప్ చేరి టీ అయింది. చా అన్న ఉచ్చారణ పారశీకం మీదుగా చాయ్‌గా హైదరాబాద్ చేరింది. మన తేయాకు, తేనీరుల్లో ఉన్నది ఆ తే. తేనీరు అంటే తేనె కలిపిన నీరనుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఛావ్‌జౌలో ఇంకా ముందుకెళ్లి టీ తాగడాన్ని "తే తినడం" అంటారు, టీ ఆకును "తే బియ్యం" అంటారు. అన్నంతో సమానమన్నమాట.

పాలు, పంచదార వద్దు. వంద మిల్లీలీటర్లు పట్టే చిన్న పాత్రలో 7 గ్రాముల ఆకు వేసి, మరిగే నీళ్లు పోసి, వెంటనే మూడు చిన్న కప్పుల్లోకి వంచండి. ఒక కప్పు నింపి ఇంకోదానికి వెళ్లకూడదు. మూడింటి మీదా తిప్పుతూ పోస్తే చిక్కదనం సమానంగా వస్తుంది. అదే ఆకుతో ఎన్నోసార్లు పోసుకోవచ్చు. ఛావ్‌జౌ గోంగ్‌ఫు టీ అని పేరున్న ఈ పద్ధతిని 2008లో చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్టే పోసి, కథంతా అమ్మకు చెప్పానండీ. అమ్మ వాళ్ల తాతగారి పేరు పుల్లయ్యట, ఆయనకు ముందు ఇద్దరు పోయారట. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. పొట్లం విప్పి ఆకును డబ్బాలో పోసి, మీద "బాతురెట్ట తావి" అని అమ్మే రాసింది.