పొద్దున చదివిన బైబిలు వాక్యం సాయంత్రం దాకా నిలవాలంటే ఏం చేయాలి?

ఆవగింజ:
ప్రభువు నామమున అందరికీ వందనాలు.

ఏడాదిలో బైబిలు మొత్తం చదవాలని రోజుకు మూడు అధ్యాయాల పట్టిక పెట్టుకున్నాను. ఆదికాండం సాఫీగా సాగింది. నిర్గమకాండంలో ప్రత్యక్ష గుడారపు (ఇశ్రాయేలీయులు ఆరాధనకు వేసుకున్న డేరా) కొలతలు మొదలయ్యేసరికి చదువు కుంటుపడింది. లేవీయకాండంలో బలుల దగ్గర పూర్తిగా ఆగిపోయింది. ఇప్పటికి పదకొండు రోజులు వెనకబడ్డాను, అంటే 33 అధ్యాయాల బాకీ.

అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉంది. చదివిన రోజు కూడా, పనిలో పడ్డాక ఏం చదివానో గుర్తుండదు. తోటి ఉద్యోగి మీద మాట విసిరేస్తాను, ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటాను. ‘ఇంకా ఎక్కువ ప్రార్థన చేయండి’ అని చాలామంది చెప్పారు. ఎంత చదవాలో, ఎప్పుడు ఏం చేయాలో, తప్పు ఎక్కడ జరుగుతోందో తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పండి.

దీపస్తంభం:
వందనాలండీ. ముందు ఆ 33 అధ్యాయాల బాకీ కొట్టేయండి. ఒక సెలవు రోజు కూర్చుని పూర్తి చేద్దామనుకోవద్దు. అధ్యాయానికి నాలుగు నిమిషాలు వేసుకున్నా రెండు గంటల పైమాటే. అంతసేపూ కళ్లు పరిగెడతాయి, మనసు వెంట రాదు.

లోపం మీ భక్తిలో కంటే పట్టికలోనే ఎక్కువ ఉంది. 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలు: పాత నిబంధనలో 929, కొత్త నిబంధనలో 260. రోజుకు మూడు చొప్పున 365 రోజులు చదివితే 1,095 అవుతాయి, ఇంకా 94 మిగులుతాయి. అందుకే మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు అని పెడతారు. అలా 52 వారాలకు 1,196. అంటే ఏడాది మొత్తానికి వెసులుబాటు ఏడు అధ్యాయాలే. రెండు రోజులు జ్వరం వచ్చిందంటే అది కూడా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత తప్పిన ప్రతి రోజూ బాకీయే.

మీరు ఆగిన చోటు కూడా లెక్క ప్రకారమే వచ్చింది. ఆదికాండం 50, నిర్గమకాండం 40, కలిపి 90. రోజుకు మూడైతే ముప్పై రోజులు. జనవరి 1న మొదలుపెట్టినవారికి 31న లేవీయకాండం ఎదురవుతుంది. కొత్త సంవత్సరపు ఊపు తగ్గే రోజులూ, బలుల అధ్యాయాలూ ఒకేసారి వచ్చిపడతాయి.

నిలబడే లెక్క ఒకటి చెబుతాను. కొత్త నిబంధన 260 అధ్యాయాలు అంటే వారానికి ఐదు చొప్పున సరిగ్గా 52 వారాలు. రెండు రోజులు ఖాళీగా ఉంటాయి, తప్పినవి అక్కడ సర్దుకోవచ్చు. పాత నిబంధనను విడిగా, వారానికి ఆరు రోజులు, రోజుకొక్క అధ్యాయం చదవండి. ఏడాదికి 312 చొప్పున మూడేళ్లలోపే ముగుస్తుంది. రెండూ ఒకేసారి బరువనిపిస్తే మొదటి ఏడాది కొత్త నిబంధన ఒక్కటే చాలు. పట్టికలో తేదీలు మాత్రం రాయకండి, వరస సంఖ్యలు వేయండి. తేదీ ఉంటే తప్పిన రోజు వేలెత్తి చూపుతుంది. సంఖ్య ఉంటే మానిన చోటునుంచే అందుకోవచ్చు.

స్కాట్లాండ్‌లో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే పాస్టర్ గారు 1842లో తన సంఘం (చర్చి) కోసం ఏడాది పట్టిక తయారుచేశారు. కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు, మిగతాది ఒకసారి పూర్తయ్యేలా అమర్చారు. ఈ రోజుకీ చాలామంది దాన్నే వాడుతున్నారు. దానికి ముందుమాటగా ఆయన ప్రమాదాలు కూడా రాశారు: మొక్కుబడిగా చదవడం, చదివాం కాబట్టి నీతిమంతులమన్న గర్వం, అజాగ్రత్త, మోయలేని కాడిగా మారడం. పట్టిక చేసిన మనిషే ఆ హెచ్చరిక ఇచ్చాడన్నది గుర్తుంచుకోదగ్గది.

ఒలీవకొమ్మ:
దీపస్తంభం గారి లెక్కతో ఏకీభవిస్తూనే ఒక మాట. అధ్యాయాన్ని కొలతగా పెట్టుకోవడంలోనే ఒక చిక్కుంది. మూల రచయితలు అధ్యాయాలు వేయలేదు. ఇప్పుడున్న విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండ్ మతగురువు చేసింది. కొత్త నిబంధన వచనాల అంకెలు 1551లో ఫ్రెంచి ముద్రాపకుడు రొబేర్ ఎస్తియెన్ అచ్చువేసిన ప్రతితో వచ్చాయి. కొన్నిచోట్ల అధ్యాయం మాటను మధ్యలో తెంచేస్తుంది. యెషయా 53ను 52:13 (52వ అధ్యాయం, 13వ వచనం) నుంచి చదవాలి, బాధలు పడే దేవుని సేవకుని గురించిన గీతం అక్కడే మొదలవుతుంది. 1 కొరింథీయులకు 11:1, 10వ అధ్యాయపు చివరి మాట. కాబట్టి అంకె దగ్గర ఆగకుండా విషయం ముగిసిన చోట ఆగండి, అది ఏడు వచనాలే అయినా సరే.

ఇక మీరు ఆగిపోయిన లేవీయకాండమే తీసుకుందాం, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మొదటి ఏడు అధ్యాయాలు అయిదు రకాల అర్పణల గురించి. వాటిలో అపరాధ పరిహారార్థబలి దగ్గర, 6:1-7 నెమ్మదిగా చదవండి. పొరుగువాడు దాచమని ఇచ్చింది కాదన్నవాడు, దొరికిన వస్తువు విషయంలో బొంకినవాడు, దౌర్జన్యంగా తీసుకున్నవాడు ఏం చేయాలి? తీసుకున్నది పూర్తిగా తిరిగివ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి. వంద తీసుకుంటే నూట ఇరవై. ఆ తర్వాతే పొట్టేలు. దేవునితో లెక్క సరిచేసుకోవడానికి వచ్చినవాడు ముందు మనిషితో లెక్క సరిచేసుకోవాలి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5:23-24లో చెప్పింది ఈ దారిలోనే.

19వ అధ్యాయం చూడండి. కూలివాని కూలి తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోవద్దు (13), చెవిటివాణ్ని తిట్టవద్దు, గుడ్డివాని ముందు అడ్డం పెట్టవద్దు (14), కొండెములు చెబుతూ తిరగవద్దు (16), తూనికల్లో అన్యాయం వద్దు (35-36). ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అన్న మాట ఉన్నది ఈ అధ్యాయం 18వ వచనంలోనే. పరుగులో దాటేసే పుస్తకం ఇది!

చదివే పద్ధతి ఇలా పెట్టుకోండి, మొత్తం ఇరవై నిమిషాలు. ఫోన్ వేరే గదిలో ఉంచి అచ్చు బైబిలు తెరవండి. మొదటిసారి ఆగకుండా భాగమంతా చదవండి. రెండోసారి పైకి, మీ చెవికి వినబడేలా, నెమ్మదిగా. నాలుక తడబడిన చోట సాధారణంగా మనసు దాటవేయాలనుకున్న మాటే ఉంటుంది. తర్వాత అదే మాటను ప్రార్థనగా తిప్పి అయిదు నిమిషాలు ప్రభువుతో మాట్లాడండి. చివర్లో ఒక కాగితం ముక్క మీద మూడే విషయాలు రాయండి: ఎవరికి, ఏమి, ఎప్పటిలోగా.

ఇక్కడే చాలామంది జారిపోతారు. ‘ఈ రోజు ప్రేమగా ఉండాలి’ అని రాస్తే అది పదింటికల్లా ఆవిరైపోతుంది, ఎందుకంటే దాన్ని చేశామా లేదా అని చూసుకునే గుర్తే లేదు. 6:1-7 చదివిన రోజు, తోటి ఉద్యోగి ఆలోచనను మీ పేరుతో చెప్పుకున్న సంగతి గుర్తొచ్చిందనుకోండి. ‘మధ్యాహ్నం భోజనానికి ముందు, పై అధికారికి, ఆ ఆలోచన తనదని చెప్పాలి’ అని రాయండి. అయిదో వంతు సంగతీ మరచిపోవద్దు. నిజం చెప్పడంతో సరిపెట్టకుండా, ఆ పనిలో ఇంకేదైనా భారం మీ చేతిలోకి తీసుకోండి. కాగితం చొక్కా జేబులోనో పర్సులోనో, చెయ్యి తగిలే చోట ఉండాలి. అద్దంలో ముఖం చూసి వెళ్లి మరచిపోయేవాడి గురించి యాకోబు 1:23-24లో రాసింది సరిగ్గా మీరు చెప్పిన బాధే.

బెరయవాసి:
ఒలీవకొమ్మ గారు చెప్పింది చక్కగా ఉంది, ఒక్క జాగ్రత్త కలుపుతాను. భాగం లేకుండా వచనం ఒక్కటే జేబులో పెట్టుకుంటే తప్పుదారి పడుతుంది. యిర్మీయా 29:11 అందరికీ ఇష్టమైన వాగ్దానం. కానీ అది బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరంలోది, దాని ముందు వచనంలోనే డెబ్బై సంవత్సరాలన్న మాట ఉంది. ఇళ్లు కట్టుకుని, తోటలు నాటుకుని, ఆ పట్టణ క్షేమం కోరండి అని 5-7లో చెప్పాకే ఆ వాగ్దానం వస్తుంది. ఫిలిప్పీయులకు 4:13 కూడా అంతే, పై రెండు వచనాల్లో పౌలు లేమిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం గురించి చెబుతున్నాడు. అనుకున్నదల్లా సాధించే బలమని దాన్ని పట్టుకుంటే, పని జరగని రోజున విశ్వాసమే తప్పనిపిస్తుంది. కాగితం మీద రాసేముందు పైన పది వచనాలు, కింద పది వచనాలు చదవడం అలవాటు చేసుకోండి.

నారుమడి:
పగలూ రాత్రీ సంగతి నేను చెబుతాను.

పగలు మరచిపోవడానికి కారణం గుర్తుచేసే కొక్కెం లేకపోవడం. దానియేలు రోజుకు ముమ్మారు మోకాళ్లూనేవాడు (6:10). తొలి సంఘపు బోధ గ్రంథం దిదాకే 8వ అధ్యాయంలో ప్రభువు నేర్పిన ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయమని ఉంది. నెమ్మదిగా చెప్పినా నిమిషం పట్టదు. గడియారం మీద ఆధారపడకుండా, రోజూ ఎలాగూ చేసే పనులకు ముడిపెట్టండి: పని చేసే చోట కుర్చీలో కూర్చునేముందు, మధ్యాహ్నం భోజనం ముందు, సాయంత్రం ఇంటి గుమ్మం బయట. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పని విసుగు ఇంట్లోకి వచ్చేది ఆ గుమ్మంలోంచే. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అన్న దగ్గర ఆగి, ఆ రోజు చిరాకు పెట్టిన మనిషి పేరు చెప్పి, అప్పుడు తలుపు తీయండి.

రాత్రి పది నిమిషాలు చాలు. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే స్పెయిన్ మతగురువు నేర్పిన వరస బాగా పనిచేస్తుంది: కృతజ్ఞత చెప్పడం, వెలుగు అడగడం, రోజును గంటగంటగా తిరిగి చూడడం, క్షమాపణ కోరడం, రేపటికి ఒక్క మార్పు నిశ్చయించుకోవడం. ఈ క్రమం మార్చొద్దు. తప్పులతో మొదలుపెడితే పదో రోజుకల్లా అది తనను తాను కొట్టుకోవడంగా మారుతుంది, పదకొండో రోజు మానేస్తారు. పొద్దున రాసిన కాగితం ఇక్కడ బయటికి తీయండి. చేయలేదా? కొత్తది రాయకండి, రేపు కూడా అదే కాగితం.

మాట విసిరిన విషయంలో: ఎఫెసీయులకు 4:26 ప్రకారం పొద్దు గుంకేలోగా వెళ్లాలి. ‘నిన్ను నొప్పించి ఉంటే క్షమించు’ అనకండి, అందులో ‘ఉంటే’ తప్పును ఎదుటివారి మీదికి నెడుతుంది. ‘పొద్దున అందరి ముందు నీకు లెక్కలు రావన్నాను. అది తప్పు, నన్ను క్షమించు’ అనండి, అక్కడితో ఆపండి. తర్వాత ‘కానీ’ అన్నారంటే అంతకుముందు చెప్పింది రద్దయినట్టే. నలుగురిలో అన్న మాటను ఆ నలుగురిలోనే సరిదిద్దాలి, చాటుగా మెసేజ్ పెడితే సరిపోదు. వెంటనే క్షమించానని చెప్పమని బలవంతపెట్టకండి, వారికి సమయం కావాలి.

ఆవగింజ:
అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. తప్పు నాది కాకుండా అవతలివారిదే అయితే, వారు మళ్లీ మళ్లీ గాయపరుస్తుంటే, క్షమించాక పూర్వంలాగే కలిసి ఉండాలా?

నారుమడి:
అక్కర్లేదండీ. క్షమించడం వేరు, నమ్మకం తిరిగి ఇవ్వడం వేరు. తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజును ఏన్గెదీ గుహలో దావీదు చంపకుండా విడిచిపెట్టాడు, అతనికి ప్రమాణం కూడా చేశాడు. కానీ 1 సమూయేలు 24 చివరి వచనం చూడండి. సౌలు ఇంటికి వెళ్లాడు, దావీదు తన జనంతో కొండస్థలాలకు వెళ్లిపోయాడు. రోమీయులకు 12:18లో ‘సాధ్యమైతే’ అన్న మాట ఊరకే పెట్టింది కాదు.

మాటలతో నొప్పించేవారైతే మత్తయి 18:15-17 వరస పాటించండి: ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘానికి. మొదటి మెట్టు దాటకుండా పదిమందికి చెప్పడమే ఎక్కువగా జరిగే పొరపాటు. చెయ్యి చేసుకునేవారు, బెదిరించేవారైతే మాత్రం ఒంటరిగా వెళ్లనే వద్దు. ముందు భద్రమైన చోటికి చేరి, నమ్మకమైన పెద్దలకూ అవసరమైతే పోలీసులకూ చెప్పండి. అలాంటి రోజుల్లో పొద్దున చదువుకు 13వ కీర్తన తీసుకోండి, ఆరు వచనాలే. ‘ఎంతవరకు’ అని నాలుగుసార్లు అడుగుతుంది.