జీలుగు బెండు సోలా టోపీ అంచు వానకు మెత్తబడింది, మళ్ళీ గట్టిపడేదెలా?

నా దగ్గర బ్రిటిష్ కాలం నాటి సోలా టోపీ ఒకటి ఉంది. అప్పట్లో అడవి సర్వేలకీ వేటకీ పెట్టుకునే రకం. కార్క్‌ది కాదు, అసలైన జీలుగు బెండుది, అంటే నీటి మడుగుల్లో పెరిగే జీలుగు మొక్క కాండంలోని తేలికైన బెండుతో చేసింది. అంచు దగ్గర గుడ్డ చిరిగిన చోట తెల్లటి బెండు పొరలు కనిపిస్తున్నాయి, గోటితో నొక్కితే సొట్ట పడుతోంది. ఖాకీ గుడ్డ, లోపలి ఆకుపచ్చ అస్తరు, నడినెత్తిన గాలి ఆడే చిన్న మూత బాగానే ఉన్నాయి.

మూడు వారాల కిందట నల్లమలలో నడుస్తుంటే దాదాపు 40 నిమిషాలు వానలో తడిసింది. బెండు నీళ్లు పీల్చుకుంటుందని తెలిసీ కవరు తీసుకెళ్లలేదు. ఇప్పుడు ఎడమవైపు అంచు 2 సెంటీమీటర్లు కిందికి వాలింది. అక్కడే గుడ్డ బుడగల్లా లేచింది. కుడివైపు గట్టిగానే ఉంది.

ముందు స్టీలు గిన్నె మీద బోర్లించి నాలుగు రోజులు నీడలో ఆరబెట్టాను. ఆకారం నిలిచింది కానీ మెత్తదనం పోలేదు. తర్వాత ఒక పూట ఎండలో పెడితే అంచు మీద 3 సెంటీమీటర్ల పగులు వచ్చింది, చాలా బాధేసింది. చెక్కపనికి వాడే తెల్ల గమ్ పలచగా కలిపి చిరుగులోంచి పూస్తే గుడ్డ మీద మరక పడింది, పొరలు మాత్రం అతుక్కోలేదు. అందుకే ఇంకేమీ ముట్టుకోకుండా ఆపేశాను.

బెండు పని తెలిసినవాళ్లు, పాత టోపీలు బాగుచేసినవాళ్లు చెప్పండి: పై గుడ్డ విప్పకుండా ఈ అంచు మళ్ళీ గట్టిపడాలంటే లోపలికి ఏ జిగురు పట్టించాలి?