బరువుతో వెళ్లే ఫైబర్ పడవకు ఏ కొలత ప్రొపెల్లర్ వేయాలి?

ప్రశ్న (ఉప్పాడ వైపు నుంచి)

అందరికీ నమస్కారం. మాది 28 అడుగుల ఫైబర్ పడవ, దానికి 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఔట్‌బోర్డ్ (పడవ వెనుక బయట బిగించే) ఇంజిను ఉంది. ఇంజినుతో పాటు వచ్చిన మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లరునే ఇప్పటికీ వాడుతున్నాము, దాని మీద 9¼ × 9 అని ఉంది. తెల్లవారుజామున వలలు, ఐసు, నలుగురు మనుషులతో బయలుదేరినప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తిప్పినా ఇంజిను మూలుగుతుందే తప్ప వేగం అందుకోదు. ఫోనులో జీపీఎస్ 6 నాట్లు (గంటకు సుమారు 11 కిలోమీటర్లు) దాటి చూపించడం లేదు. దుకాణంలో అడిగితే పిచ్ 11 ఉన్నది వేస్తే వేగం పెరుగుతుందని చెప్పారు. మా బాబాయి మాత్రం నాలుగు రెక్కలది వేయమంటున్నారు. స్టెయిన్‌లెస్ స్టీలుది కొంటే ఎక్కువ కాలం మన్నుతుందని ఇంకొకరు అంటున్నారు. ఒకసారి డబ్బు పెట్టిన తరువాత మళ్లీ మార్చుకునే స్తోమత నాకు లేదు కాబట్టి అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (ఇంజిను మెకానిక్, కాకినాడ)

తమ్ముడూ, పిచ్ 11 ఉన్నది మాత్రం కొనకండి, ఉన్న ఇబ్బంది రెట్టింపవుతుంది. 9¼ × 9 లో మొదటి అంకె రెక్కలు గీసే వలయపు వ్యాసం, రెండోది పిచ్. నీరు గట్టి పదార్థమై ఉంటే మర చెక్కలోకి దిగినట్టు ఒక్క చుట్టుకు ప్రొపెల్లరు ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో అదే పిచ్. పిచ్ పెరిగేకొద్దీ ఇంజిను మీద బరువు పెరుగుతుంది. టాప్ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కే లారీ ఎలా మూలుగుతుందో మీ ఇంజిను ఇప్పుడు అలాగే మూలుగుతోంది.

అసలు చూడవలసింది వేగం కాదు, ఆర్‌పీఎం, అంటే ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు. ఫుల్ యాక్సిలరేటరులో ఇంజిను ఎంత నుంచి ఎంత వరకు తిరగాలో మీ ఇంజిను పుస్తకంలో ఉంటుంది. మీ తరహా ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లకు అది సాధారణంగా 5000కు, 6000కు మధ్య ఉంటుంది. మీరు రోజూ మోసే బరువుతో ఆ హద్దులోకి చేరకపోతే ప్రొపెల్లరు పిచ్ ఎక్కువైనట్టే. అలా తక్కువ చుట్లతో బలవంతంగా ఎక్కువ కాలం లాగిస్తే ఇంజిను వేడెక్కుతుంది, మసి పేరుకుంటుంది, చివరికి పిస్టన్లు దెబ్బతింటాయి. పిచ్ మరీ తగ్గించినా ప్రమాదమే, పడవ ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఇంజిను హద్దు దాటి తిరుగుతుంది.

చిన్న ఇంజిన్లకు మీటరు ఉండదు కాబట్టి ప్లగ్గు తీగ చుట్టూ వైరు చుట్టి ఆర్‌పీఎం చూసే చిన్న టాకోమీటరు ఒకటి తెచ్చుకోండి, దానికి పెద్ద ఖర్చు కాదు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఫోర్ స్ట్రోక్ అయినా కొన్ని ఇంజిన్లలో ప్లగ్గు ప్రతి చుట్టుకూ మెరుస్తుంది, కొన్నింటిలో రెండు చుట్లకు ఒకసారి మెరుస్తుంది. మీటరులో ఆ సెట్టింగు తప్పితే అంకె సగమో రెట్టింపో వస్తుంది. ఆ తరువాత వలలు, ఐసు, మనుషులు అందరితో, నిండు ట్యాంకుతో, గాలి తక్కువగా ఉన్న ఉదయం పూట ఒకసారి ప్రవాహానికి ఎదురుగా, ఒకసారి ప్రవాహంతో పాటు నడిపి ఆర్‌పీఎం, వేగం రెండూ రాసుకుని సగటు తీసి ఇక్కడ పెట్టండి.

జవాబు 2 (ప్రశ్న అడిగినవారు)

అన్నగారూ, మీరు చెప్పినట్టే చేశాను. పూర్తి బరువుతో 4500 ఆర్‌పీఎం, 6 నాట్లు వచ్చాయి. మా పుస్తకంలో 5000 నుంచి 6000 అనే ఉంది, గేరు నిష్పత్తి 2.08 అని రాసి ఉంది.

జవాబు 3 (ఇంజిను మెకానిక్, కాకినాడ)

ఇక లెక్క తేలిక. గేరు నిష్పత్తి 2.08 అంటే ఇంజిను 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లరు ఒక చుట్టు తిరుగుతుంది. 4500ను 2.08తో భాగిస్తే ప్రొపెల్లరు నిమిషానికి సుమారు 2160 చుట్లు తిరుగుతోంది. చుట్టుకు 9 అంగుళాల చొప్పున జారుడు లేకుండా పోతే 16 నాట్ల వేగం రావాలి, మీకు వస్తున్నది 6. అంటే 60 శాతానికి పైగా జారుడే. బరువైన పడవకు కొంత జారుడు తప్పదు, కానీ ఇది ఎక్కువ. పైగా నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు పొడవును బట్టి ఒక సహజ వేగం ఉంటుంది. నీటి మట్టం దగ్గర పొడవు 25 అడుగులైతే దాని వర్గమూలం 5, దాన్ని 1.34తో హెచ్చిస్తే 6.7 నాట్లు. దానిని దాటాలంటే ఈ ఇంజిను శక్తి చాలదు. అందుకే 11 పిచ్ మీకు ఏ విధంగానూ వేగం తీసుకురాదు.

పిచ్ ఒక అంగుళం తగ్గితే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని సాధారణంగా అంటారు. అయితే మీది చిన్న ప్రొపెల్లరు, తొమ్మిదిలో ఒక అంగుళం అంటే పెద్ద వాటా, కనుక పెరుగుదల ఇంకాస్త ఎక్కువగానే ఉంటుంది. అదే వ్యాసంలో పిచ్ 7 ఉన్నది తీసుకోండి. తెలిసినవారి దగ్గర అరువు దొరికితే ముందు దానితో నడిపి చూసి, తరువాత కొనండి.

జవాబు 4 (పడవ యజమాని, భీమిలి)

మెకానిక్ గారి మాటకు నేను చేర్చేది ఒకటే. ఇసుక ఒడ్డు మీదికి పడవ లాగేవారికి అల్యూమినియమే మేలు. రెక్క రాయికి తగిలితే అల్యూమినియం వంగుతుంది, లేదా మధ్యలోని రబ్బరు బుష్ జారి దెబ్బను మింగుతుంది. స్టీలు రెక్క అంత తేలికగా వంగదు, కానీ ఆ దెబ్బ షాఫ్టుకూ గేర్లకూ పోయే అవకాశం ఎక్కువ. కెరటాలు విరిగే చోట దిగేటప్పుడు ప్రొపెల్లరు నీటి పైకి లేచి గాలి పీలుస్తుంది, ఆ క్షణంలో ఇంజిను ఒక్కసారిగా గుర్రుమంటుంది. ఆ శబ్దం విన్న వెంటనే యాక్సిలరేటరు తగ్గించాలి. ఇంజిను బిగించిన ఎత్తు కూడా చూడండి, ప్రొపెల్లరుకు పైన ఉండే అడ్డపలక పడవ అడుగు మట్టానికి సమంగా గానీ కొద్దిగా కిందికి గానీ ఉండాలి.

కొత్తది బిగించేటప్పుడు పాతది విప్పి వెనుక వాషరు దగ్గర చూడండి. మా ఇంజినుకు ఒకసారి నైలాను దారం జానెడు పొడవున చుట్టుకుని నూనె సీలును కోసేసింది. నీరు చేరి గేరు నూనె పాలలా తెల్లగా మారిన తరువాత గానీ నాకు తెలియలేదు. షాఫ్టు పళ్లకు నీటికి ఆగే గ్రీజు పూసి, స్ప్లిట్ పిన్ను కొత్తది వేయండి.

నాలుగు రెక్కల విషయంలో మీ బాబాయి గారి మాటను తోసిపుచ్చలేము. బరువుతో నెమ్మదిగా పోయే పడవకు అది నీటిని గట్టిగా పట్టుకుంటుంది, కెరటాల్లో జారిపోదు. అయితే అదే పిచ్‌లో నాలుగు రెక్కలది వేస్తే ఆర్‌పీఎం ఇంకా పడిపోతుంది, కాబట్టి దానికి పిచ్ ఇంకొంచెం తగ్గించాలి. చిన్న ఇంజిన్లకు ఆ కొలతలు అన్నిచోట్లా దొరకవు. ముందు మూడు రెక్కల 7 చూడండి.

జవాబు 5 (ప్రశ్న అడిగినవారు)

ఊరిలో ఒకరి దగ్గర 9¼ × 7 అరువు తీసుకుని, పడవ అడుగున పట్టిన గవ్వలు గీకేసి, అదే బరువుతో నడిపాను. 5150 ఆర్‌పీఎం వచ్చింది, వేగం 6.5 నాట్లు. మూలుగు పోయి ఇంజిను తేలికగా తిరుగుతోంది. ఖాళీగా వచ్చేటప్పుడు 5700 దాటలేదు. పాత ప్రొపెల్లరు విప్పినప్పుడు మీరు చెప్పినట్టే వాషరు వెనుక దారం ముక్క దొరికింది, సీలు ఇంకా తెగలేదు. ఇదే కొలతలో అల్యూమినియంది కొంటున్నాను. పాతదాన్ని, ఒక పిన్నుతో పాటు, పడవలోనే ఉంచుతాను.