జర్మనీ అడవులకే కరువు దెబ్బ తగిలితే, పాలమూరు మొక్కల కార్బన్ లెక్క ఎంతవరకు నిజం?

దేవరకొండ పంతులు:
జర్మనీలో సుమారు పదేళ్లకోసారి అడవుల్ని కొలుస్తారు. 2022 కొలతల ఫలితం 2024లో బయటపెట్టారు. 2017 నుంచి ఆ అడవులు పీల్చుకున్న కార్బన్ కంటే వదిలిందే ఎక్కువట. 2018 నుంచి 2020 దాకా వరసగా పడ్డ కరువు, దాని వెనకే వచ్చిన బెరడు పురుగు పెద్ద కారణాలు. చల్లటి దేశం, ఏడాది పొడవునా ఎంతో కొంత వాన పడే దేశం. అక్కడే అట్లుంటే, 600-700 మిల్లీమీటర్ల వాన కోసం ఆకాశం వైపు చూసే మన ఎర్రనేలల్లో మొక్క పెట్టి "ఇన్ని టన్నుల కార్బన్ ఆపాం" అని బోర్డు పెట్టి చెప్పుకోవడం న్యాయమేనా? నీడ కోసం పెట్టండి, వద్దనను. కార్బన్ పేరు మాత్రం ఎత్తొద్దని నా వాదన.

కోత మిషన్ భాయ్:
పంతులు గారూ, మీరు పేపర్లో చదివింది నేను రోజూ దుంగల మీద చూస్తా. రైతులు గట్ల మీది టేకు తెస్తారు. అడ్డంగా కోస్తే వలయాలు కనబడతాయి. ప్రతి వలయం మొదట్లో సన్నటి రంధ్రాల వరస ఉంటుంది, అక్కడ కొత్త ఏడు మొదలైనట్టు. కొన్ని వేలు పట్టేంత వెడల్పు, కొన్ని గోటి గీతంత సన్నం. ఆ సన్నవి ఒక్కటి రావు, రెండు మూడు కలిసే వస్తాయి. కానీ చెట్టు నిలబడే ఉంది కదా! ఎండిన కట్టె బరువులో సగం దాకా కార్బనే అంటారు. కరువులో కొత్తది చేరకపోవచ్చు, చేవలో ఉన్నది ఎక్కడికి పోతుంది?

అమ్రాబాద్ పరిశోధక:
భాయ్ చెప్పింది సగం సరైనదే. పెరుగుదల ఆగడం వేరు, ఉన్నది పోవడం వేరు. తేమ తగ్గితే ముందు ఆగేది కాండం లావెక్కడం. ఆకు ఇంకా కొంత పని చేస్తూనే ఉంటుంది, తర్వాత అదీ రంధ్రాలు మూసుకుంటుంది. ఇంకా ముదిరితే కాండంలో నీళ్లు ఎక్కే నాళాల్లో గాలి బుడగలు చేరి దారి తెగిపోతుంది. అప్పుడు కొమ్మలు, ఒక్కోసారి చెట్టే చచ్చిపోతుంది. చచ్చిన కట్టె కుళ్లితే చేవలోని కార్బన్ తిరిగి గాలిలోకే పోతుంది.

2003 ఎండల్లో యూరప్ చెట్టూ చేమా కిరణజన్య సంయోగక్రియ 30 శాతం దాకా తగ్గింది. నాలుగేళ్లలో నికరంగా దాచిన కార్బన్ ఆ ఒక్క ఏడే తిరిగి గాలిలో కలిసినంత పనైంది. మీ దుంగ మీద రెండు మూడు సన్న వలయాలు కలిసి రావడం కూడా వింత కాదు. వాన పడగానే చెట్టు కోలుకోదు. ప్రపంచంలో చాలాచోట్ల వలయాలు చూసి, పెద్ద కరువు తర్వాత ఒకటి నుంచి నాలుగేళ్లు పెరుగుదల మందగిస్తుందని తేల్చారు.

జర్మనీలో అసలు నష్టం మాత్రం సన్న వలయాలతో రాలేదు, చావులతో వచ్చింది. కలప కోసం స్ప్రూస్‌ను (చల్లటి చోట్ల పెరిగే సూదాకుల చెట్టు) అది సహజంగా పెరగని పల్లపు, వెచ్చటి చోట్ల కూడా పెట్టుకుంటూ పోయారు. నీళ్లు లేక జిగురు ఊరలేదు. జిగురే దానికి పురుగును ఆపే ఆయుధం.

జామాయిల్ రైతు, అచ్చంపేట:
అక్కా, ఇదంతా తిరిగి మా జామాయిల్ మీదికే వస్తదని తెలుసు. నాకు బోరు ఎండింది, పత్తి పోయింది. జామాయిల్ మాత్రం నిలబడ్డది. నాలుగేళ్లకు కోసి కాగితం మిల్లుకు పంపినం, మోడు నుంచి మళ్లీ చిగురొచ్చింది. కరువేడు బరువు తగ్గింది నిజమే, అయినా చేతికేదో వచ్చింది. కార్బన్ ఆపమని నన్ను ఎవరు అడిగిన్రు, ఎవరు పైసలిచ్చిన్రు?

అమ్రాబాద్ పరిశోధక:
అన్నా, మీ పంటను తప్పు పట్టడం లేదు. దాన్ని కార్బన్ దాచిన అడవి కింద రాయొద్దు, అంతే. కాగితం కొన్నేళ్లకే చెత్తగానో బూడిదగానో మారుతుంది.

దేవరకొండ పంతులు:
నేను అనేదీ అదే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బాధ్యత సర్పంచ్‌ది. ట్యాంకర్‌తో నీళ్లు పోస్తారు, బతుకుతాయి కూడా. మా రోడ్డు పక్క కానుగలు మూడేళ్లయినా మోకాలెత్తు దాటలేదు. రిజిస్టర్‌లో అవి బతికినట్టే! కరువు మొక్కను చంపకుండానే పెరుగుదల మొత్తం ఎత్తుకుపోతే ఆ నష్టం ఏ కాలమ్‌లో రాస్తారు? ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారం 2015లో మొదలైనప్పటి నుంచి చూస్తున్నా, ఎంతసేపూ ఎన్ని నాటాం అనే గాని ఎంత లావయ్యాయి అని అడిగినవాడు లేడు.

అమ్రాబాద్ పరిశోధక:
ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తా. కానీ జర్మనీ లెక్క తెచ్చి నల్లమల మీద పెట్టలేం. చిరుమాను, నల్లమద్ది, టేకు ఎండాకాలం ఆకు రాల్చి నెలల తరబడి ఓర్చుకుంటాయి. నిదానంగా పెరుగుతాయి, గట్టి కట్టె, పురుగుకు అంత తేలిగ్గా లొంగవు. వీటికి నాకున్న భయం నిప్పు. వాన తగ్గిన ఏడు మార్చి, ఏప్రిల్‌లో రాలిన ఆకుకు చిన్న నిప్పురవ్వ చాలు. కొత్త గుంతలు తవ్వే డబ్బులో కొంత మంటల లైన్లకు (నిప్పు పాకకుండా ఆకు, గడ్డి తీసేసిన ఖాళీ పట్టీలు), ఉన్న మోళ్ల చిగుళ్లను మేకల నుంచి కాపాడటానికి పెడితే నయం. మోడుకు వేరు ముందే లోతుకు దిగి ఉంటుంది, కొత్త మొక్కకు ఆ దిక్కు లేదు.

దేవరకొండ పంతులు:
చెప్పడం బాగుంది మేడమ్. అది జరిగే దాకా కార్బన్ బోర్డులు తీసేయమంటా.

కోత మిషన్ భాయ్:
బోర్డు సంగతి తర్వాత చూద్దాం. మీ ఊళ్లో వంద చెట్లకు నంబర్లు వేయండి, ఛాతీ ఎత్తున రంగు గీత గీయండి. టేపు నేను తెస్తా. ఏటా జనవరిలోనే కొలవాలి. వానల్లో బెరడు తేమకు ఉబ్బి, పెరగని చెట్టు కూడా పెరిగినట్టే చూపిస్తుంది.